గంజాం నుంచి కొరాపుట్ దాకా: వాతావరణ సూచనను మన ఊరికి అన్వయించుకోవడం ఎలా

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో తెలుగు చానల్ పెట్టుకుని రాత్రి వార్తలు చూసేవారికి వాతావరణ విశేషాలు ఇచ్ఛాపురం దగ్గరే ఆగిపోతాయి. ఒడియా చానల్‌కు మారితే ముందు పూరీ, కటక్, బాలేశ్వర్ జిల్లాల సంగతులు వచ్చి, గజపతి, రాయగడ పేర్లు చివర్లో ఒక్క వాక్యంలో వినిపిస్తాయి. నిజానికి ఈ జిల్లాల గురించిన సమాచారానికి కొరత లేదు. భారత వాతావరణ శాఖకు చెందిన భువనేశ్వర్ కేంద్రం ఒకవైపు నుంచి, అమరావతి కేంద్రమూ విశాఖపట్నంలోని తుపాను హెచ్చరికల కేంద్రమూ మరోవైపు నుంచి ప్రతిరోజూ బులెటిన్లు విడుదల చేస్తూనే ఉంటాయి. లేనిదల్లా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివే అలవాటే. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో స్థిరపడిన తెలుగువారు ఆ పని ఎలా చేయవచ్చో ఇక్కడ వరుసగా వివరిస్తాను.

మొదట మీ ఊరి ఉనికిని రాసిపెట్టుకోండి

సూచన చదవడానికి ముందే ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోవాలి. సముద్రం మీకు ఏ దిక్కున, సుమారు ఎంత దూరంలో ఉంది. కొండలు ఏ దిక్కున ఉన్నాయి. మీ ఊరి మీదుగా పారే నది ఏ జిల్లాలో పుట్టి వస్తోంది. చిన్నపిల్లల పాఠంలా అనిపించినా, సూచనను తప్పుగా అర్థం చేసుకునేవారిలో ఎక్కువమంది ఈ మూడింటిలో ఏదో ఒకటి మరచినవారే.

గోపాలపురం, ఛత్రపురం వంటి తీరపు ఊళ్ళకు గాలి వేగమూ, సముద్రపు పోటూ ముఖ్యం. 1,501 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరి చుట్టుపక్కల ఉన్న గజపతి జిల్లా ఊళ్ళకు గాలికన్నా వాన ముఖ్యం. సముద్రం మీద నుంచి వచ్చే తేమగాలి కొండను ఢీకొని పైకి లేచి, చల్లబడి, అక్కడే కురుస్తుంది. అందువల్ల ఒకే బులెటిన్‌లో ఒకే రంగు కింద ఉన్నప్పటికీ, తీరంలో ముసురు పట్టిన రోజున కొండవాలు గ్రామంలో వాగు పొంగవచ్చు.

నది సంగతి ఇంకా ముఖ్యం. రుషికుల్య కంధమాల్ జిల్లాలోని దారింగ్‌బాడి కొండల్లో పుట్టి గంజాం మైదానంలోకి దిగుతుంది కనుక, దాని ఒడ్డున ఉన్నవారు గంజాంతోపాటు కంధమాల్ సూచన కూడా చూడాలి. వంశధార రాయగడ జిల్లాలో గుణుపురం మీదుగా వచ్చి, గజపతిలో కాశీనగర్‌ను దాటి శ్రీకాకుళం జిల్లాలో ప్రవేశిస్తుంది. కాశీనగర్‌లో చినుకు లేకపోయినా, గుణుపురం పైన కుండపోత పడితే కొన్ని గంటల తరువాత నీరు ఇక్కడికి వచ్చి తీరుతుంది. మహేంద్రతనయది మరో తీరు. కొండలు దగ్గరలోనే ఉన్నందువల్ల పర్లాకిమిడి వారికి ఆ నది విషయంలో అంత వ్యవధి కూడా దొరకదు.

బులెటిన్‌లోని మాటలను వాటి కొలతలతో చదవండి

భువనేశ్వర్ కేంద్రం మధ్యాహ్నం ఇచ్చే బులెటిన్‌ను ఒకసారి తెరిచి, హెచ్చరిక ఏ సమయానికి వర్తిస్తుందో మొట్టమొదట చూడండి. వాతావరణ శాఖ దినం ఉదయం 8.30కు మొదలై మరునాటి ఉదయం 8.30కు ముగుస్తుంది. వర్షపాతం లెక్క కూడా అంతే. 12వ తేదీ వర్షపాతమని పట్టికలో ఉన్నది 11వ తేదీ ఉదయం 8.30 నుంచి 12వ తేదీ ఉదయం 8.30 వరకు కురిసిన వాన. ఈ ఒక్క విషయం తెలియక "నిన్న కురిస్తే ఈరోజు కురిసిందని వేశారు" అని విసుక్కునేవారు మన మధ్య చాలామంది ఉన్నారు.

తరువాత వాన పరిమాణం. భారీ, అతి భారీ అన్నవి వాడుకలో ఉపన్యాసపు మాటలుగా మారిపోయాయి గాని, వాతావరణ శాఖ దృష్టిలో అవి అంకెలు. 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్ల వరకు పడితే తేలికపాటి వాన, 15.6 నుంచి 64.4 వరకు ఒక మోస్తరు వాన, 64.5 నుంచి 115.5 వరకు భారీ వాన, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ వాన, 204.5 దాటితే అత్యంత భారీ వాన. కొన్ని బులెటిన్లలో ఇవే సెంటీమీటర్లలో ఉంటాయి. అప్పుడు 7 నుంచి 11 వరకు భారీ అనీ, 12 నుంచి 20 వరకు అతి భారీ అనీ గుర్తుంచుకుంటే చాలు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. ఆ లెక్కన భారీ వాన మొదటి మెట్టు, అంటే 64.5 మిల్లీమీటర్లు, ఒక ఎకరం పొలంలో సుమారు 2,61,000 లీటర్ల నీరు పోసినట్టు. గట్లకు గండ్లు ఎక్కడ కొట్టాలో ముందే ఆలోచించుకోవడానికి ఈ లెక్క పనికొస్తుంది.

పరిమాణం తరువాత విస్తృతి చూడాలి. "ఒకటి రెండు చోట్ల" అంటే జిల్లాలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని అర్థం. "కొన్ని చోట్ల" అంటే సగం వరకు, "అనేక చోట్ల" అంటే ముప్పాతిక వరకు, "దాదాపు అన్ని చోట్ల" అంటే అంతకు మించి. కాబట్టి "ఒకటి రెండు చోట్ల భారీ వర్షం" అని ఉన్న రోజున మీ ఊళ్ళో ఎండ కాసినంత మాత్రాన సూచన తప్పినట్టు కాదు. జిల్లాలో మరెక్కడో ఒక మండలం తడిసి ముద్దయి ఉండవచ్చు.

రంగుల విషయంలోనూ ఒక అపోహ ఉంది. పసుపు, నారింజ, ఎరుపు రంగులు వాన ఎంత పడుతుందో మాత్రమే చెప్పేవి కావు. దానివల్ల జరగగల నష్టాన్ని బట్టి మీరు ఏం చేయాలో చెప్పేవి. ఆకుపచ్చ ఉంటే హెచ్చరిక లేదు. పసుపు ఉంటే తాజా సమాచారం చూస్తూ ఉండాలి. నారింజ ఉంటే సిద్ధపడాలి: పశువులను మెరకకు మార్చడం, ధాన్యం బస్తాలను ఎత్తున పెట్టడం వంటి పనులు ఆ దశలోనే పూర్తికావాలి. ఎరుపు వచ్చాక చేయవలసింది అధికారుల మాట విని కదలడమే. చాలా ఇళ్ళలో ఎరుపు వచ్చేదాకా కదలికే ఉండదు. నా దృష్టిలో మనకు అన్నిటికన్నా విలువైన రంగు నారింజ.

ఒడియాలో వచ్చే బులెటిన్‌ను లేదా మైకు ప్రచారాన్ని అర్థం చేసుకోవడానికి అయిదు మాటలు చాలు. లఘుచాప అంటే అల్పపీడనం. అవపాత అంటే వాయుగుండం. మన భూగోళశాస్త్రం పుస్తకాల్లో ఈ మాటకు వాన అనే అర్థం ఉన్నందున ఇక్కడ జాగ్రత్త పడాలి. గభీర అవపాత తీవ్ర వాయుగుండం, బాత్యా తుపాను. ప్రబల వర్షా అంటే భారీ వర్షం.

అల్పపీడనం మీకు ఏ పక్కన ఉందో చూడండి

జూలై, ఆగస్టు నెలల్లో దాదాపు ప్రతి బులెటిన్‌లో ఒకే రకమైన వాక్యం కనిపిస్తుంది: వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది, దానికి అనుబంధంగా ఉన్న ఉపరితల ఆవర్తనం (అంటే పైన సుడి తిరిగే గాలులు) సముద్రమట్టానికి ఇన్ని కిలోమీటర్ల ఎత్తు వరకు విస్తరించి, ఎత్తుకు వెళ్ళేకొద్దీ నైరుతి దిశగా వంగి ఉంది. టీవీలో దీన్ని గబగబా చదివి వదిలేస్తారు. మన జిల్లాలవారికి మాత్రం ఇందులోని చివరి ముక్కే అసలు వార్త.

నైరుతి రుతుపవనాల కాలంలో బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలూ వాయుగుండాలూ సాధారణంగా పశ్చిమ వాయవ్య దిశగా నడుస్తాయి. వాటి చుట్టూ వాన అన్ని వైపులా సమానంగా పడదు. కేంద్రానికి నైరుతి భాగంలో అది అత్యధికంగా ఉంటుంది. ఎత్తుకు వెళ్ళేకొద్దీ ఆవర్తనం నైరుతికి ఒరిగి ఉండడం, ఆ పక్కన గాలులు కలిసి పైకి లేవడం ఇందుకు కారణాలు. కాబట్టి అల్పపీడనం ఉత్తర ఒడిశా తీరం దగ్గర ఉందని విని "మనకు దూరంలే" అనుకోకూడదు. పటం తీసి, దాని కేంద్రం నుంచి నైరుతి దిక్కుగా వేలితో ఒక గీత గీయండి. ఆ గీత మీద గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ ఉన్నాయా అన్నదే ప్రశ్న. చాలాసార్లు ఉంటాయి. దీనికి విరుద్ధంగా కేంద్రం మన తీరానికి దక్షిణంగా, ఆంధ్ర తీరానికి చేరువగా ఉంటే, వానల జోరు గోదావరి జిల్లాల వైపు మొగ్గి, మనకు తూర్పుగాలితో కూడిన జల్లులే మిగలవచ్చు. అయితే కొండలకు ఎదురుగా సముద్రపు గాలి గట్టిగా వీస్తున్నప్పుడు ఈ రెండో సూత్రాన్ని మరీ నమ్మకండి.

పటం చేతిలో లేనప్పుడు గాలి కూడా చెబుతుంది. గాలికి వీపు చూపి నిలబడితే, మన అర్ధగోళంలో తక్కువ పీడనం ఉన్న ప్రాంతం మీ ఎడమచేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. గోపాలపురం ఒడ్డున ఈశాన్యపు గాలి వీస్తోందనుకోండి. దానికి వీపు చూపితే మీ ముఖం నైరుతికి, ఎడమచేయి ఆగ్నేయానికి ఉంటుంది. అంటే వ్యవస్థ ఆగ్నేయంగా సముద్రంలో ఉందన్నమాట. కొండల మధ్య ఉన్న ఊళ్ళలో నేలమీది గాలి లోయ వెంట తిరిగిపోతుంది కాబట్టి, అక్కడ మబ్బుల కదలికను చూసి ఈ లెక్క వేయాలి.

తుపాను వేళ తీరం దాటే ఊరి పేరుతో సరిపెట్టుకోకండి

గాలి వేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను. అప్పుడే దానికి పేరు పెడతారు. 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ సమయంలో గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు మించింది. ఈ మెట్లన్నీ గాలికి సంబంధించినవే. వాన ఎంత పడుతుందన్నది ఇవి చెప్పవు.

ఈ తేడా ఎంత ప్రాణాంతకమో 2018 నాటి తిత్లీ తుపాను చూపించింది. అక్టోబరు 11 తెల్లవారుజామున అది శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటింది. తరువాత వాయవ్యంగా లోపలికి వెళ్ళి, బలహీనపడుతూ ఈశాన్యానికి మలుపు తిరిగింది. ఆ మలుపులో గజపతి, గంజాం, రాయగడ జిల్లాల మీద విపరీతమైన వాన కురిసింది; వంశధార, రుషికుల్య పొంగాయి; గజపతి జిల్లా బరఘర గ్రామంలో కొండచరియ విరిగిపడి, వాన నుంచి తలదాచుకున్నవారు దాని కింద చిక్కుకుపోయారు. ఒడిశాలో ఆ తుపాను వల్ల కలిగిన ప్రాణనష్టంలో ఎక్కువ భాగం గజపతి జిల్లాదే. వార్తల్లో వినిపించిన పేరు పలాస. గాలి తగ్గాక, తుపాను "బలహీనపడింది" అని చెప్పాక, ఆపద వచ్చింది కొండల్లోకి.

కాబట్టి తుపాను బులెటిన్‌ను ఈ వరుసలో చదవండి. మొదట పటంలో రాబోయే మార్గానికి ఇరువైపులా గీసే శంఖాకారపు హద్దును చూడాలి. మధ్య గీత ఒక అంచనా మాత్రమే. ఆ హద్దులో ఎక్కడైనా కేంద్రం ఉండవచ్చు, గాలివానలు ఆ హద్దుకు వెలుపల కూడా ఉంటాయి. రెండోది, మీరు మార్గానికి కుడివైపున ఉన్నారా, ఎడమవైపునా అన్నది. తుపాను నడిచే దిశకు ముఖం పెట్టి చూస్తే కుడిపక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, ఉప్పెన ముప్పు అక్కడే అధికం. మన తీరంలో ఇది లెక్క కట్టడం తేలిక: తుపాను మీకు దక్షిణంగా తీరం దాటితే మీరు కుడివైపున ఉన్నట్టు. అప్పుడు గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, అక్కడి నుంచి ఆగ్నేయానికి తిరుగుతుంది. ఉత్తరంగా, పూరీ వైపు దాటితే గాలి ఉత్తరం నుంచి వాయవ్యానికి, ఆపై పడమరకు తిరుగుతుంది. గాలి దిశ మారకుండా నానాటికీ బలపడుతోందంటే కేంద్రం నేరుగా మీ వైపే వస్తోందని భావించాలి. హోరు గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుపాను పోయిందనుకుని బయటికి రాకండి. తుపాను కన్ను, అంటే నడిమధ్యన ప్రశాంతంగా ఉండే భాగం, మీ మీదుగా వెళుతూ ఉండవచ్చు, కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా వస్తుంది. మూడోది, తీరం దాటిన తరువాతి మార్గం. కొండ జిల్లాలవారు ఈ భాగాన్ని తప్పనిసరిగా చదవాలి.

ఓడరేవు హెచ్చరిక నంబర్ల గురించి గోపాలపురం మత్స్యకారులకు చెప్పనవసరం లేదు గాని, మిగిలినవారి కోసం ఒక మాట. నంబరు పెరిగిన ప్రతిసారీ తుపాను పెరిగినట్టు కాదు. 5, 6, 7 నంబర్లు మూడూ ప్రమాద సూచికలే. రేవు తుపాను మార్గానికి ఎడమపక్కన ఉంటే 5, కుడిపక్కన ఉంటే 6, రేవు మీదుగా లేదా సమీపంలో వెళ్ళేట్టయితే 7 ఎగురవేస్తారు. పెను ప్రమాదాన్ని తెలిపే 8, 9, 10 నంబర్లకూ ఇదే వరుస వర్తిస్తుంది.

ఇక వాట్సాప్ వీడియోలు. తుపాను పేరు వినిపించిన గంటలోనే ఎక్కడివో పాత దృశ్యాలు మన గ్రూపుల్లోకి వచ్చిపడతాయి. బులెటిన్ నంబరు, తేదీ, విడుదల చేసిన సమయం లేనిదాన్ని ఇతరులకు పంపకండి. తుపాను దశలో అసలు బులెటిన్ మూడు గంటలకోసారి వస్తుంది కనుక నిన్న రాత్రిది కూడా పాతదే. అత్యవసరానికి రాష్ట్ర కంట్రోల్ రూమ్ నంబరు 1070, జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077. ఒడిశా విపత్తు నిర్వహణ సంస్థ వారి సతర్క్ యాప్‌ను కూడా ఫోనులో పెట్టుకోవడం మంచిది.

వచ్చే మూడు గంటల కోసం రాడార్‌ను చూడండి

మార్చి నుంచి మే వరకు మన ప్రాంతంలో మధ్యాహ్నం దాటాక వచ్చే గాలివానను ఇక్కడ కాళబైశాఖి అంటారు. రేపటి సూచనలో దాని సంభావ్యత తెలుస్తుంది గాని, ఏ ఊరికి ఎన్ని గంటలకు వస్తుందో తెలియదు. ఎండకు కొండల మీది నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. పడమటి పొడిగాలి, బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి కలిసిన చోట మబ్బు నిలువుగా పది కిలోమీటర్లకు పైగా ఎదుగుతుంది. ఇవి ఎక్కువగా పడమర, వాయవ్యం నుంచి తీరం వైపు కదులుతాయి. అందుచేత మిద్దె మీద ఆవకాయ ముక్కలో అప్పడాలో ఎండబెట్టిన బరంపురం గృహిణి సముద్రం వైపు కాక కొండల వైపు చూడాలి. మబ్బు తల కమ్మరి దాగలిలా చదునుగా పరుచుకుందంటే అది పూర్తిగా ఎదిగిన ఉరుముల మబ్బు. చల్లటి గాలి ఒక్కసారిగా కొట్టిందంటే, ఆ మబ్బులో వానతో చల్లబడి కిందికి దిగిన గాలి నేలమీద పరుచుకుంటూ మీ దాకా వచ్చిందన్నమాట. ఇక మీకు ఉన్నవి నిమిషాలే.

అంతకన్నా ముందే తెలియాలంటే వాతావరణ శాఖ వెబ్‌సైటులో గోపాలపురం డాప్లర్ రాడార్ చిత్రాన్ని తెరవండి. కొరాపుట్, రాయగడ వైపు ఉన్నవారు విశాఖపట్నం రాడార్‌ను కూడా చూడాలి. చిత్రం మీద సమయం అంతర్జాతీయ కాలమానంలో ఉంటే దానికి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. పక్కనున్న రంగుల పట్టీలో అంకె 20 లోపు ఉంటే లెక్క చేయనవసరం లేదు, 40 దాటితే జోరు వాన, 55 దాటితే వడగళ్ళు పడే అవకాశం. ఒకే చిత్రంతో నిర్ణయానికి రాకుండా అరగంట తేడాతో రెండు చూడండి. మూడు గంటలకు దిగపహండికి పడమరగా 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎర్రటి మచ్చ మూడున్నరకు దిగపహండి మీదికి వచ్చిందనుకుంటే, దాని వేగం గంటకు 40 కిలోమీటర్లు. అక్కడి నుంచి బరంపురం సూటిగా 25 కిలోమీటర్ల దూరం కనుక, అదే దారిలో వస్తే నలభై నిమిషాలలోపు మీ మిద్దె మీద ఉంటుంది. మచ్చలు దారి మార్చుకుంటాయి, మధ్యలో చచ్చిపోతాయి, పక్కన కొత్తవి పుడతాయి. కాబట్టి గంటన్నరకు మించి ఈ లెక్కను పొడిగించకూడదు. మరొక పరిమితి కూడా ఉంది. రాడార్ కిరణం దూరం వెళ్ళేకొద్దీ నేలకు ఎత్తుగా పోతుంది, పైగా కొండలు దానికి అడ్డు. లోయల్లో కురుస్తున్న వాన చిత్రంలో కనిపించకపోవడం అసాధారణమేమీ కాదు.

పిడుగు విషయంలో ఇంత లెక్క అవసరం లేదు. ఒడిశాలో ఏటా పిడుగుపాటుకు ప్రాణాలు కోల్పోయేవారిలో పొలం పనుల్లో ఉన్నవారే ఎక్కువ. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్ మీ చుట్టూ 20 నుంచి 40 కిలోమీటర్ల పరిధిలో పడుతున్న పిడుగులను చూపుతుంది. ఫోను దగ్గర లేకపోతే మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపించిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉంది, వెంటనే పక్కా ఇంట్లోకి పోవాలి. తాటిచెట్టు, జీడిమామిడి తోట, పొలంలోని గడ్డి పాక, వీటిలో ఏదీ రక్షణ కాదు. చివరి ఉరుము వినిపించిన తరువాత అరగంట ఆగి బయటికి రావాలి. ఈ అరగంట ఓపిక పట్టలేకే చాలామంది బలవుతున్నారు.

ఫోనులోని శాతాన్ని, గుడి కట్టిన చంద్రుణ్ణి ఎంతవరకు నమ్మాలి

ఫోనులో ముందే ఉండే వాతావరణ యాప్ "వాన 60 శాతం" అన్నప్పుడు రోజులో అరవై శాతం సేపు కురుస్తుందని కాదు, ఊరిలో అరవై శాతం మేర కురుస్తుందని కూడా కాదు. ఇటువంటి పరిస్థితి వందసార్లు వస్తే అందులో అరవైసార్లు ఆ చోట వాన పడుతుందని దాని భావం. ఆ యాప్‌లు కంప్యూటర్ నమూనా ఇచ్చిన అంకెనే నేరుగా చూపుతాయి. ఆ నమూనా నేలను గడులుగా విభజించి లెక్క కడుతుంది, మన కొండలూ లోయలూ ఆ గడుల్లో సగటైపోతాయి. 2025 మేలో వాతావరణ శాఖ ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ ఆరు కిలోమీటర్ల గడులతో లెక్క కడుతుంది కనుక గతంకన్నా ఇది మేలే. వాతావరణ శాఖవారి మౌసమ్‌గ్రామ్ వెబ్‌సైటులో మీ పంచాయతీ పేరుతో గంటల వారీ సూచన చూడవచ్చు. మూడు రోజుల లోపు సూచన మీద పనులు నిర్ణయించుకోండి, ఏడో రోజు సూచనను ఊహగా మాత్రమే పరిగణించండి. వరి కోతకు వచ్చిన రోజుల్లో మంగళ, శుక్రవారాల్లో వెలువడే వ్యవసాయ సలహాను మేఘదూత్ యాప్‌లో చూసి, కోత తరువాత ఆరడానికి మూడు పొడి రోజులు ఉన్నాయని తేలాకే కూలీలను పిలవండి.

పెద్దలు చెప్పే గుర్తులను నేను తోసిపుచ్చను. చంద్రుడి చుట్టూ దూరంగా పెద్ద గుడి కడితే వాన దగ్గర పడిందనడానికి ఆధారం ఉంది. ఎత్తైన పల్చటి మబ్బులోని మంచు స్ఫటికాల గుండా వెన్నెల వంగినప్పుడు ఆ వలయం ఏర్పడుతుంది, అటువంటి మబ్బు తరచూ వాన వ్యవస్థకు ముందు నడుస్తుంది. కాని అది ఎన్ని మిల్లీమీటర్లో చెప్పదు, ఎటు పోతుందో అసలే చెప్పదు.

ఎండ, మంచు

తీరప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 37 డిగ్రీలు చేరి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలి ప్రకటిస్తారు. మైదానంలో అదే 40 డిగ్రీలు. తీరానికి తక్కువ పరిమితి పెట్టడానికి కారణం ఉక్కపోత. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. కాబట్టి వేసవిలో పశ్చిమ ఒడిశా లోతట్టు పట్టణమైన టిట్లాగఢ్ ఉష్ణోగ్రత విని బరంపురం సుఖంగా ఉందనుకోకుండా, ఉష్ణోగ్రత పక్కన తేమ శాతం కూడా చూడండి.

శీతకాలంలో కొరాపుట్, సిమిలిగుడ ఘాట్ దారుల్లో తెల్లవారుజామున ప్రయాణం ఉంటే, రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేకపోతే దట్టమైన మంచు ఖాయమని అనుకోండి. నేల వేడిని కోల్పోయి, చల్లగాలి లోయల్లోకి జారి నిలుస్తుంది. యాప్‌లో కనిష్ఠ ఉష్ణోగ్రతా మంచుబిందు ఉష్ణోగ్రతా (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) దాదాపు ఒకటేగా ఉంటే బయల్దేరడం ఎనిమిది దాటాక పెట్టుకోవచ్చు.

మీ సొంత వర్షమాపకం

ఇంతా చదివి మీ ఊళ్ళో ఎంత పడిందో తెలియకపోతే సూచన నిలిచిందో లేదో తేల్చుకోలేరు. పైనుంచి కింది దాకా ఒకే వెడల్పు ఉన్న పారదర్శకమైన డబ్బా ఒకటి తీసుకోండి. అడుగు వంకరగా ఉన్న సీసా అయితే నిటారు భాగం మొదలయ్యేదాకా నీళ్ళు పోసి అక్కడ సున్నా గీత పెట్టండి. చెట్లకూ గోడలకూ దూరంగా, ఎగిరిపోకుండా ఇటుకల మధ్య బిగించి, ఉదయం 8.30కు స్కేలుతో లోతు కొలవండి. సున్నా గీత నుంచి పైకి ఎన్ని మిల్లీమీటర్ల నీరు ఉందో అంతే వాన. కొలిచాక మళ్ళీ సున్నా గీత దాకా తెచ్చి పెట్టాలి, ఎండ రోజుల్లో ఆవిరైనది సరిచూడాలి. నోటుపుస్తకంలో తేదీ, భువనేశ్వర్ ఇచ్చిన సూచన, అమరావతి కేంద్రం శ్రీకాకుళం జిల్లాకు ఇచ్చిన సూచన, మీరు కొలిచిన వాన, అల్పపీడనం ఏ దిక్కున ఉందన్న వివరం అడ్డంగా ఒక వరుసలో రాయండి. జూన్ రెండో వారంలో రుతుపవనాలు ఒడిశా దక్షిణాన్ని తాకేటప్పుడు మొదలుపెట్టి అక్టోబరు దాకా రాస్తే, ఏ దిక్కున ఉన్న అల్పపీడనానికి మీ ఊరు తడుస్తుందో, ఏ కేంద్రం సూచన మీ వైపు కొండలకు ఎక్కువగా సరిపోతుందో ఆ పుటల్లోనే తేలుతుంది.